ఏ పూటకు ఏ కుట్టు?
ఊలు అల్లిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలవక ముందే అల్లిక ఉత్తరాలు రావడం మొదలవుతుంది. ఈసారి ఎక్కువ భాగం కొరాపుట్, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల్లోని తెలుగు ఇళ్ళ నుంచి వచ్చాయి. స్వెట్టర్ కొలతలు అడిగినవాళ్ళు తక్కువ. అల్లుకుంటూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందా, పడకపోతే లోపం ఎక్కడుంది అని అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాళ్ళకే ఇస్తున్నాం.

జవాబులు చదివే ముందు రెండు మాటలు. ఇక్కడ సీదా అంటే కొందరు నిట్ అనే కుట్టు, ఉల్టా అంటే పర్ల్. సూదుల కొలతలు మిల్లీమీటర్లలో ఇచ్చాం. దుకాణాల్లో ఇంకా పాత నంబర్లూ నడుస్తున్నాయి, వాటిలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 12వ నంబరు 2.75 మి.మీ., 10వ నంబరు 3.25, 8వ నంబరు 4, 7వ నంబరు 4.5, 6వ నంబరు 5. ఊరికే "ఎనిమిది ఇవ్వండి" అంటే సన్నదొస్తుందో లావుదొస్తుందో చెప్పలేం. మి.మీ. అని నోరు తెరిచి అడగండి.

ప్రశ్న: మా ఆయనకు రాత్రి డ్యూటీలు. ఆయన వెళ్ళాక నాకు నిద్ర పట్టదు. అల్లికతో మనసు నెమ్మదిస్తుందని వీడియోలో చూసి జడల డిజైన్ స్వెట్టర్ మొదలుపెట్టాను. నాలుగు వరసలకోసారి లెక్క తప్పుతోంది. విప్పుతున్నాను, మళ్ళీ తప్పుతోంది. ఉన్న చిరాకు రెట్టింపయింది. అల్లిక నాకు పడదా? (గృహిణి, సెమిలిగూడ)

అల్లిక పడకపోవడం కాదమ్మా, ఆ పూటకు తగని పని ఎత్తుకున్నారు. జడల డిజైన్‌లో ఆరు వరసలకో ఎనిమిది వరసలకో ఒకసారి మూడు కుట్లు వేరే సూది మీదికి తీసి, ముందుకో వెనక్కో పట్టుకుని, తరవాతి మూడూ అల్లి, ఆపైన పక్కన పెట్టినవి అల్లాలి. ఎన్నో వరస, ఎన్నో కుట్టు, ముందుకా వెనక్కా అన్న మూడు సంగతులూ ఒకేసారి బుర్రలో నిలబడాలి. పగలు తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆ పనిలో చాలా సంతోషం ఉంది. రాత్రి పదకొండింటికి అలసిన బుర్రకు మాత్రం అది పరీక్షే.

ఆ స్వెట్టర్‌ను సూదులతో సహా సంచిలో పెట్టి పగటికి ఉంచుకోండి. రాత్రికి వేరే పని పెట్టుకోండి: మొత్తం సీదా కుట్టుతో ఒక మఫ్లర్. మధ్యరకం మందం ఉన్న ఊలు 200 గ్రాములు, 4.5 మి.మీ. సూదులు, 40 కుట్లు. వెడల్పు 20 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ప్రతి వరసా సీదాయే, అటు నుంచి వచ్చినా ఇటు నుంచి వచ్చినా ఒకటే. రెండు వరసలకు ఒక గట్టు లేస్తుంది. ఎంత అల్లారో తెలియాలంటే ఆ గట్లు లెక్కపెడితే చాలు, వరసలు గుర్తుంచుకోనక్కర్లేదు. రంగు లేతది తీసుకోండి. రాత్రి దీపం వెలుగులో నలుపు, ముదురు నీలం కుట్లు కనబడవు, కళ్ళు లాగుతాయి.

కుట్లు ఎక్కించేటప్పుడు మొదట వదిలే దారం, అల్లబోయే వెడల్పుకు మూడింతలు ఉండి, పైన ఇంకో 20 సెంటీమీటర్లు ఉండాలి. మీ మఫ్లర్‌కు 80 సెంటీమీటర్లు. తక్కువ వదిలితే ముప్పయ్యో కుట్టు దగ్గర దారం అయిపోయి మొదటికొస్తారు. కొత్తవాళ్ళందరూ ఈ మొదటి వరస బిగించేస్తారు. దాన్ని 5 మి.మీ. సూది మీద ఎక్కించి, రెండో వరస నుంచి 4.5కు మారండి.

150 సెంటీమీటర్ల మఫ్లర్‌కు దాదాపు 600 వరసలు పడతాయి, అంటే 24,000 కుట్లు. నిమిషానికి 20 కుట్ల చొప్పున రోజూ అరగంట అల్లితే నలభై రోజుల పని. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ నలభై రోజుల్లో ఏ రోజూ "తరవాత ఏం చెయ్యాలి" అని ఆలోచించే అవసరం రాదు. మీకు కావలసింది అదే.

మనసులో ఆందోళన ఉంటే అది మొదట కుట్టు బిగువులో బయటపడుతుంది. సూది మీద కుట్లు అటూ ఇటూ సులువుగా జరగాలి. జరగకుండా పట్టేస్తుంటే దారాన్ని గట్టిగా లాగుతున్నారన్నమాట. కుట్టును సన్నని మొన దగ్గరే వేసి బిగించకండి. సూది ఒళ్ళు పూర్తి లావున్న చోటికి లోపలికి జరిపి వెయ్యండి. భుజాలు చెవుల దాకా లేచి ఉంటాయి, ఒకసారి దించుకోండి.

2013లో బ్రిటన్‌లోని ఒక ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలో 3,545 మంది అల్లికదారులను అడిగి చేసిన సర్వే వచ్చింది. తరచుగా అల్లేవాళ్ళు మనసు ప్రశాంతంగా, సంతోషంగా ఉందని చెప్పడం ఎక్కువని అందులో తేలింది. వాళ్ళంతా అల్లికను ఇష్టపడేవాళ్ళే కాబట్టి దాన్ని మందుకు రుజువుగా తీసుకోకూడదు. నిద్ర లేకపోవడం వారాల తరబడి సాగితే డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ప్రశ్న: 40 కుట్లతో మొదలుపెట్టాను. జానెడు అల్లేసరికి 47 అయ్యాయి. మఫ్లర్ గంపలా వెడల్పవుతోంది. ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తున్నాయి? విప్పాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. (డిగ్రీ విద్యార్థిని, జయపురం)

కుట్లు పెరగడానికి దారులు మూడే. పెరిగిన చోటు చూస్తే ఏ దారిన వచ్చిందో తెలిసిపోతుంది.

అంచుల్లో పెరిగితే దోషం మొదటి కుట్టుది. పని తిప్పి పట్టుకున్నాక దారం సూదికి ముందు వైపు, కిందికి వేలాడాలి. దాన్ని సూది మీదుగా పైకి ఎత్తి వెనక్కి లాగితే, కింది కుట్టు పైకి లేచి దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనబడతాయి. రెంటినీ అల్లేస్తారు, ఒకటి పెరుగుతుంది. కొత్తవాళ్ళలో నూటికి తొంభై మందికి జరిగేది ఇదే అనిపిస్తుంది మాకు. దారాన్ని ముందు వైపే కిందికి ఒకసారి లాగి, ఆ తరవాత సూది కింద నుంచి వెనక్కి తీసుకుని మొదలుపెట్టండి.

మధ్యలో పెరిగి, దాని కింద చిన్న కన్నం ఉంటే దారం ముందు వైపు ఉండిపోయి సూదికి చుట్టుకుందని అర్థం. కన్నం లేకుండా ఒక కుట్టు పక్కన సన్నగా ఇంకోటి ఉంటే, సూది మొన దారం మధ్యలోంచి దూరి పోగులను చీల్చింది.

తప్పు అదే వరసలోనో కింది వరసలోనో దొరికితే విప్పనక్కర్లేదు. ఆ చుట్టును సూది మీంచి జారవిడవండి, వదులు పక్క కుట్లలోకి సర్దుకుంటుంది. చాలా కిందికి పోయి ఉంటే, ఇక్కడి నుంచి వరసకొక చోట రెండేసి కుట్లు కలిపి అల్లుతూ మళ్ళీ 40కి రండి. సీదా గట్ల మధ్య ఆ కలిపిన చోట్లు కనబడవు. మీకు ఏడు పెరిగాయి కాబట్టి ఏడు వరసలు. వెడల్పు తేడా కళ్ళకు మరీ కొడుతుంటే మాత్రం విప్పండి.

విప్పడం గురించి కాస్త చెప్పాలి. రవికె గుడ్డ కత్తిరించాక తప్పయితే ఆ గుడ్డ మళ్ళీ రాదు. అల్లికలో సరుకు పోదు. పోయేది పొద్దు, అదీ మొత్తం పోదు, వేళ్ళకు నేర్పు మిగిలే ఉంటుంది. సూది తీసేసి, తప్పున్న వరసకు పైన ఒక వరస మిగిలేదాకా దారం లాగండి. ఆ చివరి వరసను మాత్రం ఒక్కో కుట్టే ఊడదీస్తూ, 3 మి.మీ. సన్న సూదిలోకి ఎక్కించుకోండి. లావు సూదితో ఎక్కించబోతే పక్క కుట్లు జారతాయి. ఎక్కించినప్పుడు ప్రతి కుట్టుకూ కుడి కాలు సూదికి ముందు ఉండాలి. ఎడమ కాలు ముందుంటే తరవాతి వరసలో ఆ కుట్టు మెలిపడుతుంది.

ఇకమీదట పది కుట్లకొకటి చొప్పున వేరే రంగు దారంతో చిన్న ఉంగరం కట్టి సూదికి తొడగండి. నాలుగు గదులు, గదికి పది. ఎక్కడ పదకొండయిందో ఒక్క చూపులో తెలుస్తుంది. పది గట్లకోసారి పెద్ద బెజ్జం సూదిలో నూలు దారం ఎక్కించి, అల్లిక సూది మీదున్న కుట్లన్నిటిలోంచీ దూర్చి వదిలేయండి. దీన్ని కాపుదారం అనుకోండి. ఎంత విప్పినా అక్కడికొచ్చి ఆగుతుంది. ఇది వేసుకున్నాక తప్పు పోతుందేమోనన్న బెరుకు చాలావరకు పోతుంది, చేయి వదులవుతుంది.

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాదయింది. ఆమె నాకు అల్లిన మెరూన్ స్వెట్టర్ మోచేతుల దగ్గర పలచబడింది, మణికట్టు బోర్డర్లు పోగులు లేచాయి. మా అప్ప విప్పేసి పిల్లాడికి అల్లమంటోంది. నాకేమో చేతులు రావడం లేదు. ఏం చెయ్యమంటారు? (ఉపాధ్యాయిని, గుణుపురం)

చేతులు రానప్పుడు విప్పకండి. విప్పడానికి తొందర ఏమీ లేదు, ఉతికి దాచిన ఊలు ఏళ్ళ తరబడి ఉంటుంది. పైగా మీ స్వెట్టర్‌కు వచ్చిన రెండు జబ్బులకూ విప్పకుండానే వైద్యం ఉంది.

మొదట అది ఏ ఊలో చూడండి. లోపలి కుట్టుపొడుగులోంచి ఐదు సెంటీమీటర్ల దారం తీసి, పట్టకారుతో పట్టుకుని స్టీలు పళ్ళెం మీద అంటించండి. వెంట్రుక కాలిన వాసనతో మెల్లగా కాలి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే అసలు ఊలు. కరిగి, గట్టి పూసలా ముద్దకడితే ఆక్రిలిక్. అసలు ఊలును వేడి నీళ్ళలో పులమకూడదు, ముడుచుకుపోతుంది. ఆక్రిలిక్ మీద ఇస్త్రీ పెట్టకూడదు, ఒక్కసారికే సాగి జీవం పోతుంది.

మోచేయి పలచబడిందే గానీ కన్నం పడలేదంటున్నారు కాబట్టి, కుట్టు మీద కుట్టు వెయ్యండి. అమ్మ పెట్టెలో మిగిలిన ఊలు ఉండ ఉందేమో వెతకండి, అల్లేవాళ్ళు సాధారణంగా ఒకటి దాచుకుంటారు. లేకపోతే దగ్గర రంగు తీసుకోండి. మొద్దు మొన సూదితో, పక్షి ముక్కులా V ఆకారంలో ఉన్న కుట్టు అడుగున పైకి తీసి, దాని పై కుట్టు రెండు కాళ్ళ కింద నుంచి దూర్చి, బయల్దేరిన చోటే కిందికి దింపాలి. అమ్మ దారం నడిచిన దారిలోనే మీ దారమూ నడుస్తుంది. పలచబడిన చోటుకు చుట్టూ రెండేసి కుట్లు ఎక్కువ వెయ్యండి. సరిగ్గా అంచు దాకా వేసి ఆపితే కొత్త బలానికీ పాత బలహీనతకూ మధ్య చిరుగుతుంది. దారం లాగి బిగించకండి, కింది కుట్టు ఎంత వదులుందో అంతే.

మణికట్టుకు చేతి కుట్టు ఎనిమిది సెంటీమీటర్లు ఊడదీసి, బోర్డర్‌కు ఒక వరస పైన ఒకే ఒక్క కుట్టు కత్తిరించి, ఆ దారాన్ని వరస పొడుగునా మెల్లగా లాగండి. బోర్డర్ విడిపోతుంది, పైన కుట్లు నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. ఒక్కొక్కటీ సూదికి ఎక్కించి, లెక్క నాలుగుతో భాగింపబడేలా సర్దుకుని, రెండు సీదా రెండు ఉల్టాగా కిందికి ఆరు సెంటీమీటర్లు అల్లండి. చివర కుట్లు మూసేటప్పుడు ఒక సైజు లావు సూది వాడండి, లేకపోతే చేయి దూరదు.

ఇంకో దారి కూడా ఉంది, మా ఓటు దానికే. చేతులు రెండూ విప్పి, ఒంటిని అలాగే ఉంచి, చంకల చుట్టూ కుట్లు ఎత్తి బోర్డర్ అల్లితే మీకు చేతుల్లేని స్వెట్టర్ మిగులుతుంది. విప్పిన ఊలుతో చిన్నవాడికి టోపీ, మఫ్లర్ వస్తాయి. అప్ప మాటా నిలుస్తుంది, అమ్మ అల్లినదీ ఉంటుంది.

చేతులు విప్పేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒకటి. మన ఇళ్ళలో స్వెట్టర్ ఎక్కువగా కింద బోర్డర్ నుంచి పైకి అల్లి, ముక్కలు కలిపి కుడతారు. కుట్లు మూసిన పై అంచు నుంచి లాగితేనే దారం జరజరా వస్తుంది. కింద నుంచి లాగితే రాదు, చిక్కుపడుతుంది. ముందు స్వెట్టర్ ఉతకండి, తరవాత కలిపి కుట్టిన దారాన్ని గుర్తుపట్టి దాన్నే కత్తిరించండి, భుజం దగ్గర మొదలుపెట్టండి. చంక దగ్గర చెమటకు అట్టకట్టిన చోట దారం తెగుతుంది. అంతమేర వదులుకోండి.

వచ్చిన దారాన్ని ఉండ చుట్టకండి. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల నూలు దారంతో వదులుగా కట్టి చిలప చెయ్యండి. గోరువెచ్చని నీళ్ళలో కాస్త షాంపూ వేసి ఇరవై నిమిషాలు నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అదిమి, నీడలో వేలాడదీయండి. అసలు ఊలైతే వంకీలు చాలావరకు పోతాయి. ఆక్రిలిక్‌కు పూర్తిగా పోవు, అయినా అల్లాక ఒక ఉతుకులో సర్దుకుంటుంది.

విప్పుతున్నప్పుడు గమనించండి: అల్లిన చేతికొక బిగువు ఉంటుంది. కొన్ని వరసలు బిగుతుగా, కొన్ని వదులుగా, ఎక్కడో రెండు కుట్లు కలిపి దిద్దుకున్న చోటు. ముందు ఒక ఫొటో తీసుకుని ఆ తరవాతే లాగండి.

కొన్న స్వెట్టర్లు విప్పి ఊలు తీయవచ్చా అని ఇంకొందరు రాశారు. చలికాలం టిబెటన్ల దుకాణాల్లో కొన్నదైనా, బజారులో కొన్నదైనా లోపలి కుట్టు చూడండి. గజపతి జిల్లా చంద్రగిరి దగ్గర 1963 నుంచి టిబెటన్ల కాలనీ ఉంది కాబట్టి మీ వైపు ఇళ్ళలో అలాంటివి ఉండే ఉంటాయి. లోపల గొలుసు కుట్టు ఉంటే విప్పవచ్చు. అంచు కత్తిరించి దట్టంగా ఓవర్‌లాక్ చేసి ఉంటే వరసకొక ముక్క తప్ప దారం రాదు. దాన్ని స్వెట్టర్‌గానే వాడుకోండి.

ప్రశ్న: సీదా కుట్టు అల్లుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ, పాత సంగతులన్నీ తోసుకొస్తున్నాయి. ఒక్కోసారి కళ్ళనీళ్ళు. ఆపేయాలా? (పేరు రాయలేదు, కొరాపుట్)

ఆపనక్కర్లేదు, కుట్టు మార్చండి. అల్లికలో మనసును వదిలేవి ఉన్నాయి, పట్టుకునేవి ఉన్నాయి. మొత్తం సీదా మనసును పూర్తిగా వదిలేస్తుంది. ఆలోచించుకోవలసింది ఉన్న రోజున అది మంచి తోడు. ఆలోచన చుట్టుముట్టే రోజున అదే తోడు భారమవుతుంది. అలాంటప్పుడు ముత్యాల కుట్టు వెయ్యండి: బేసి సంఖ్యలో, 31 కుట్లు అనుకుందాం. ఒకటి సీదా, ఒకటి ఉల్టా, ప్రతి వరసా సీదాతోనే మొదలు. కింది కుట్టు గింజలా కనబడితే దాని మీద సీదా, ముక్కులా కనబడితే ఉల్టా. లెక్క గుర్తుంచుకోనక్కర్లేదు, కానీ ప్రతి కుట్టునూ చూడాలి. ఆ చూడడమే మనసును సగం పట్టి ఉంచుతుంది. మాటిమాటికీ దారం ముందుకీ వెనక్కీ జరపాలి కాబట్టి చేయి నిదానిస్తుంది, ఊపిరీ నిదానిస్తుంది.

అంటే రెండు పనులు సూదుల మీద ఉంచుకోవాలన్నమాట, ఒకటి సీదా, ఒకటి ముత్యాలు. కూర్చునేటప్పుడు ఇవాళ ఏది అని మిమ్మల్ని మీరే అడగండి. ఏడుపొస్తే రానివ్వండి, వరస చివరిదాకా మాత్రం అల్లి పక్కన పెట్టండి. వరస మధ్యలో విసిరేసిన పనిలో కుట్లు జారతాయి, తెల్లారి అదో దిగులు. ఆలోచనల్లో మీకు పనికొచ్చేది ఏదైనా తేలితే ఆ గట్టుకు చిన్న రంగు దారం ముడివేసి, పుస్తకంలో ఒక్క మాట రాసి పెట్టుకోండి. మఫ్లర్ పూర్తయ్యేసరికి ఆ ముడులు ఎక్కడ దగ్గరగా, ఎక్కడ దూరంగా పడ్డాయో చూసుకోవచ్చు. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే సూదులు పక్కన పెట్టి పైన ఇచ్చిన 14416కు ఆ క్షణమే ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. వయసు 64. వేళ్ళు పొద్దున బిగుసుకుంటాయి. మగవాణ్ణి అల్లిక నేర్చుకుంటానంటే ఇంట్లో నవ్వుతున్నారు. (రాయగడ)

గంజాం తీరంలో మన నోళియా జాలరులు తరతరాలుగా వల అల్లుతున్నారు, అదీ అల్లికే. పెరూ దేశంలో టకీలే అనే ద్వీపంలో ఊలు టోపీలు అల్లేది మగవాళ్ళే. ఆ ద్వీపపు నేతకళలను యునెస్కో 2005లో గుర్తించింది. ఇంట్లోవాళ్ళకు మీరు మొదటి టోపీ చేతిలో పెట్టండి, చాలు.

మీకు 6 మి.మీ. వెదురు సూదులు, లావు ఊలు, 25 కుట్లు. సన్న సూదిని వేళ్ళు గట్టిగా నొక్కిపట్టాలి, లావు సూది దానంతటదే చేతిలో ఆనుతుంది. వెదురు తేలిక, చలికి చల్లబడదు, కుట్లు జారవు. పొద్దున వేళ్ళను గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి, బిగువు తగ్గాకే కూర్చోండి. ఇరవై నిమిషాలకు ఆపండి, గడియారం పెట్టుకుని మరీ ఆపండి, ఎందుకంటే నొప్పి అల్లేటప్పుడు తెలియదు, రాత్రి తెలుస్తుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి నిద్రలో మెలకువ వస్తుంటే మణికట్టు నరం ఒత్తిడి కావచ్చు, డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: మా ఊళ్ళో చలి రెండు నెలలే. మిగతా కాలం ఊలు ముట్టుకుంటేనే చెమట. ఏడాది పొడుగునా ఏం అల్లుకోవాలి? (పర్లాకిమిడి)

నూలు. మధ్యరకం మందం నూలు దారం 50 గ్రాములు, 4.5 మి.మీ. సూదులు. నాలుగు కుట్లు ఎక్కించి ఒక వరస సీదా. తరవాత ప్రతి వరసా ఇలా: రెండు సీదా, దారం ముందు నుంచి సూది మీదుగా ఒక చుట్టు, మిగతావన్నీ సీదా. వరసకొక కుట్టు పెరుగుతుంది. 44 అయ్యాక తగ్గించండి: ఒకటి సీదా, రెండు కలిపి, ఒక చుట్టు, మళ్ళీ రెండు కలిపి, మిగతావన్నీ సీదా. నాలుగు మిగిలాక మూసేయండి. మూల మీద నిలబడి పెరిగిన చదరం, నాలుగు అంచులా చిల్లుల వరసతో, ఒక్కో వైపు దాదాపు జానెడు. ముఖం తుడుచుకోవడానికో పళ్ళెం కిందికో వాడుకోవచ్చు. సూది మీద 44 వచ్చేదాకా లెక్కే లేదు. పెరుగుతూ పోయి తరుగుతూ వచ్చే పని కాబట్టి రెండో సగం త్వరగా సాగినట్టు ఉంటుంది. సాయంత్రం పూట దీనికంటే హాయైన పని మాకు తెలియదు.

నూలుకు సాగుడు లేదు, ఊలు లాగా చేతిని క్షమించదు. చేతులు త్వరగా నొస్తాయి, విరామం ఎక్కువ తీసుకోండి. చెమట చేతులకు వెదురు సూది పట్టేస్తుంది, అల్యూమినియం సూది జారుతుంది, వేసవికి అదే మేలు. ముదురు రంగు నూలు మొదటి ఉతుకులో రంగు వదులుతుంది, విడిగా ఉతకండి.

వానాకాలం ఊలు సంగతి కూడా ఒక మాట. పురుగు కొట్టేది అసలు ఊలును, అందులోనూ చెమటా తిండి మరకా ఉన్న చోటును. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, ఎండు వేపాకు మూటతో మూత గట్టి డబ్బాలో పెట్టండి. కాస్త తడి ఉన్నా బూజు పడుతుంది.

ప్రశ్న: మా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చాం. రోజంతా వార్డులో కూర్చోవాలి. చేతులు ఊరికే ఉంటే భయం పెరుగుతోంది. అక్కడ అల్లుకోవచ్చా? ఏది అల్లితే బావుంటుంది? (బరంపురం)

అల్లుకోవచ్చు, ముందు నర్సమ్మను ఒక మాట అడగండి. ఐసీయూలోకి మాత్రం తీసుకెళ్ళకండి.

అక్కడి పనికి ఒకటే షరతు, ఎవరు పిలిచినా ఆ క్షణమే లేవగలగాలి. అందుకని చిన్నది పెట్టుకోండి. 30 కుట్ల సీదా చదరం, 4.5 మి.మీ. సూదులతో వైపుకు 15 సెంటీమీటర్లు, అంటే గట్లు 30. ఇలాంటివి 48 అయితే ఆరు వరుసలు ఎనిమిదేసి కుట్టి ఒడిలో కప్పుకునే దుప్పటి అవుతుంది, ఒకటైనా ఫరవాలేదు. విడి సూదులు వద్దు, ఒకటి జారి మంచం కిందికి పోతే వెతకడం కష్టం. వైరుతో కలిసి ఉన్న వృత్తం సూది 60 సెంటీమీటర్లది తీసుకుని, అటూ ఇటూ తిప్పుతూ మామూలుగానే అల్లండి. లేవాల్సొస్తే కుట్లను వైరు మీదికి తోసి వదిలేస్తే ఒక్కటీ జారదు. లోహం సూదుల చప్పుడు పక్క మంచం వాళ్ళకు ఇబ్బంది, వెదురు మేలు. నూగు లేచే ఊలు దగ్గున్నవాళ్ళ దగ్గర వద్దు, నునుపు ఆక్రిలిక్ తెచ్చుకోండి, ఇంటికొచ్చి ఉతకడమూ సులువు. ఉండను తాడు బిగించే గుడ్డ సంచిలో ఉంచి సంచిని మణికట్టుకు తగిలించుకోండి. ఆసుపత్రి నేల మీద ఉండ దొర్లకూడదు.

వరస మధ్యలో లేచి వెళ్ళి, గంట తరవాత వచ్చి ఎటు అల్లుతున్నానో మర్చిపోయామని చాలామంది రాస్తారు. ఉండకు కలిసిన దారం ఏ సూది మొన దగ్గర నుంచి వేలాడుతుందో చూడండి. ఆ మొన కుడి చేతిలోకి, రెండోది ఎడమ చేతిలోకి. అక్కణ్ణుంచే తరవాతి కుట్టు.